కొత్త పొయ్యి మీద పాలు

మా బుల్లిరాజు బాబాయి కొత్త చెప్పులు తొడుక్కోవాలన్నా మంచిరోజు చూస్తాడు. కొల్లేటి ఒడ్డున ఆయనకున్న కాస్త చేలో మోటారు పెట్టినప్పుడు, స్విచ్ వెయ్యకముందే దానికి పసుపూ బొట్టూ పెట్టి కొబ్బరికాయ కొట్టాడు. మేం నవ్వితే మమ్మల్ని లెక్కే చెయ్యలేదు.

రెండువేల ఏడు వానాకాలంలో మంగాయమ్మ పిన్నికి ఆయాసం ముదిరింది. ఇంక పొగ తగలకూడదన్నాడు ఏలూరు డాక్టరు. పేరు రాయించుకున్న గ్యాస్ కనెక్షన్ ఎప్పుడొస్తుందో చెప్పే నాథుడు లేడు. అప్పుడే ఏలూరులో స్టవ్వులమ్మే ఖలీద్ గారు బాబాయికి కొత్తరకం పొయ్యి ఒకటి చూపించారు. ఊకా, వేరుశెనగ తొక్కా కలిపి నొక్కిన బిళ్లలు అందులో వెయ్యాలి. అడుగున చిన్న ఫ్యాన్ గాలి కొడుతుంటే పొగ లేకుండా మండుతుంది.

"ఫ్యానుకి నీళ్లు మాత్రం తగలనివ్వకండి," అని ఆయన ఒకటికి రెండుసార్లు చెప్పారు.

శుక్రవారం పొద్దున్నే బాబాయి పొయ్యికి బొట్టు పెట్టి, పిన్ని చేత వెలిగించాడు. కొత్త పొయ్యి కదా, ముందు పాలు పొంగించాలి. మంట లేచింది. పొగ లేదు. పిన్ని నిండుగా ఊపిరి పీల్చి మా అందరి వంకా చూసింది. ఆ ముఖం చూస్తే నాకు ఏడుపొచ్చినంత పనైంది.

పాలు అంచుకొచ్చాయి. పిన్ని గిన్నె దించబోయింది.

"ఏవండీ, లోపల పడతాయేమోనండీ."

"పడనీవే. పొంగకపోతే ఎలాగ? నీ ఆరోగ్యం కోసమే కదా."

పాలు తూర్పువైపు పొంగి, మంటలోంచి అడుక్కి దిగాయి. బాబాయి దండం పెట్టుకుంటుండగానే ఫ్యాన్ గుర్రుమని ఆగిపోయింది.

మర్నాడు పొయ్యి పట్టుకుని బాబాయీ నేనూ ఏలూరు వెళ్లాం. ఖలీద్ గారు అడుగు విప్పి చూసి తల పట్టుకున్నారు.

"మోటారు కాలిపోయిందండీ. నీళ్లు తగలకూడదని చెప్పాను కదండీ!"

"నీళ్లు కాదండీ, పాలు," అన్నాడు బాబాయి అమాయకంగా.

ఖలీద్ గారు తిట్టినా బాగుండేది. తిట్టలేదు. "ఈ మోటారు విడిగా దొరకదండీ. కంపెనీవాళ్లు పొయ్యిలు పంపడమే మానేశారు. నేనేం చెయ్యగలనండీ?" అన్నారు.

మిగిలిన బిళ్లలు ఇక పాత మట్టిపొయ్యిలోనే కాలుతున్నాయి. తనే వండుతానని బాబాయి ఎంత బతిమాలినా పిన్ని గరిటె ఇవ్వదు. అందుకని పక్కన కూర్చుని విసనకర్రతో విసురుతాడు. విసిరినంతసేపూ మంట. చెయ్యి లాగి ఆగాడా, ఇల్లంతా పొగ. పిన్ని దగ్గుతూ గోడకు జారగిలబడుతుంది.

"నేనే కదే పొంగనిమ్మన్నాను," అంటాడు బాబాయి.

ఏదో అనాలని పిన్ని నోరు తెరుస్తుంది. ఊపిరి చాలదు.