కళ్లజోడుకు రెండు పండ్లు

తిరుమల బస్టాండులో నేను పోగొట్టుకున్నవి: నాలుగు అరటిపండ్లు, ఒక కొబ్బరిచిప్ప, ముక్కు మీది కళ్లజోడు. తినేవి రెండు కోతులు పంచుకున్నాయి. జోడు లాక్కున్న మూడోది బస్సు పైకెక్కి కూర్చుంది. జోడు లేకపోతే నాకు అంకెలు కనబడవు; లెక్కలు రాయడమే నా బతుకు.

ముందురోజే తిరుపతిలో ఒక ఇంగ్లీషు సినిమా రెండో భాగం చూశాను. అందులో తెలివి మీరిన కోతుల మీద మనుషులు యుద్ధానికి దిగుతారు. ఆ ఊపులోనే రాయి ఎత్తాను. కండక్టరు కర్ర తెచ్చాడు.

గుండు చేయించుకున్న ఒక ముసలావిడ మాకు అడ్డం నిలబడింది.

“ఆ రాయి కింద ఎయ్యప్పా.”

“పక్కకు జరగవ్వా! సినిమాలో ఈటిని తుపాకులతో కొట్టినారు,” అన్నాను.

“ఆ తుపాకులు ఆడనే ఉండనీ. ఈడ బేరముండాది. పండు ఇస్తే జోడు ఇస్తాది. కొడితే జోడుతో అడివిలో పడతాది, పోయి ఎతుక్కో.”

“దొంగతో బేరమేందవ్వా?” అన్నాడు కండక్టరు.

“నన్ను కొట్టినాక దాన్ని కొట్టు!”

ఆమె తన సంచిలోంచి పండు తీసి చూపించింది. కోతి దిగి వచ్చి, పండు అందుకుని, జోడు వదిలేసింది.

“మాట తప్పలేదు సూడు,” అంటూ ఆమె ఇంకో పండు కూడా దానికే ఇచ్చింది.

జోడు తీసుకుని ఎక్కానో లేదో మా బస్సు కదిలింది. ఆమె అక్కడే నిలబడిపోయింది.

ఆ తరువాత నేను ఏ కోతి మీదా రాయెత్తలేదు. ఎత్తినవాడి చేయి పట్టుకోకుండా ఊరుకోనూ లేదు. కోతికీ నాకూ లెక్క సరిపోయింది. ఆమెకు మాత్రం రెండు పండ్లు ఇప్పటికీ బాకీ.