ఎల్లిగడ్డ మీద ఎర్ర పెన్ను

ఒక్క అక్షరం మార్చి నలభై మందిని ఏడిపించిన ఘనత పత్రికా రంగంలో నాకు తప్ప ఇంకెవరికీ లేదని వినయంగా మనవి చేసుకుంటున్నాను. రాసి ఏడిపించేవాళ్ళు ఉన్నారు గానీ, వాళ్ళకు పేజీలు కావాలి. నాకు 'ఎ' తీసేసి 'ఉ' పెడితే సరిపోయింది.

అప్పటికి నేను బాపట్ల నుంచి వచ్చి ఆరు నెలలైన సబ్ ఎడిటర్‌ను. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల బోర్డుల వెనక ఒక కిరాయి గది, జేబులో ఒక ఎర్ర పెన్ను, అంతే నా ఆస్తి. ఆ పెన్ను ఉన్నవాడికి హోటల్ మెనూ, పెళ్ళి శుభలేఖ, ఆటో వెనక రాత, అన్నీ దిద్దవలసిన కాపీలాగే కనిపిస్తాయి. కందకు లేని దురద కత్తిపీటకెందుకన్నారు పెద్దలు. కలానికి ఉండే దురద సంగతి వాళ్ళకు తెలియదు పాపం.

వారానికొకరోజు సెలవు. ఆ రోజు ఎల్బీనగర్ దాటి బడంగ్‌పేట్ దారిలో ఉన్న ఒక చిన్న బడికి వెళ్ళి, పిల్లలతో గోడ పత్రిక పెట్టించేవాణ్ణి. బడి అంటే రెండు గదులు, ఒక జామచెట్టు, పాతికమంది పిల్లలు. ఏం నేర్చుకోవాలో వాళ్ళే తేల్చుకుంటారు, చేతులతో చేసి నేర్చుకుంటారు. బడి నడిపే సుజాతక్క పెద్దవాళ్ళకు పెట్టిన నియమం ఒక్కటే: "పిల్లలు అడిగితేనే చెప్పండి. లేకపోతే చేతులు వెనక్కి కట్టుకోండి."

నేను చేతులు వెనక్కే కట్టుకునేవాణ్ణి. పెన్ను మాత్రం ముందు జేబులో ఉండేది.

ఆ నెల పిల్లలు వంట ఎంచుకున్నారు. తమ ఇంటి వంటకం ఒకటి చార్టు మీద రాయాలి. దాన్ని చూసి ఇంకొకరు వండాలి. చార్టులో ఉన్నదే చేయాలి, రాసినవాళ్ళను అడగకూడదు. వంట కుదిరితే రాత కుదిరినట్టు. తల్లిదండ్రులు వచ్చే రోజున వాళ్ళకు పెట్టేది ఆ భోజనమే.

పదేళ్ళ రేణుక తన వంతు కారం రాసింది. ఈ పిల్ల అంతకుముందు ఒక పెద్ద బడిలో మూడేళ్ళు చివరి బెంచీ మీద కూర్చుని, పక్కవాళ్ళ నోటుబుక్కు చూసి ఎక్కించడమే తప్ప సొంతంగా ఒక వాక్యం రాసి ఎరగదు. తండ్రి యాదయ్య నల్గొండ పల్లె నుంచి వచ్చి హయత్‌నగర్‌లో ఉంటూ సరుకులు తోలే డీసీఎం బండి నడుపుతాడు. ఆయన సుజాతక్కకు ముందే చెప్పేశాడు.

"ఆ దినం ఒచ్చి చూస్త మేడం. నా బిడ్డ సొంతంగ నాలుగు ముక్కలు రాసిందంటే ఈడనే ఉంటది. లేదంటే మల్ల పెద్ద బడిలనే ఏస్త."

ఆ పెద్ద బడి పేరెత్తితే రేణుకకు కడుపునొప్పి వచ్చేది. నాలుగు రోజులు కూర్చుని, నాలుక పంటి కింద పెట్టుకుని చార్టు పూర్తి చేసింది.

ఆ ఉదయం నేను అందరికంటే ముందు వెళ్ళాను. గోడ మీద చార్టు కనిపించింది. "ఎల్లిగడ్డలు ఇరువై. పొట్టు తియ్యాలె. కారం, ఉప్పు, జీలకర్ర ఏసి రోట్ల దంచాలె..."

అయ్యో, పిల్లకు 'ఉ' కూడా రాలేదే అనుకున్నాను. పాఠకులు మన్నించాలి. ఎల్లిగడ్డను మా ఊళ్ళో వెల్లుల్లి అంటారు. ఉల్లిపాయను ఇక్కడ ఉల్లిగడ్డ అంటారని తెలుసుకుని, తెలంగాణ మాట మొత్తం వచ్చేసిందనుకున్న మేధావిని నేను. తండ్రి ముందు పిల్ల చిన్నబోకూడదని కొత్త చార్టు తీసి ముత్యాల్లాంటి అక్షరాలతో తిరగరాశాను. "ఉల్లిగడ్డలు ఇరవై." 'తియ్యాలె'ను 'తీయాలి' చేశాను. చివరి వాక్యం విషయానికి సంబంధం లేదని కొట్టేశాను. కింద 'రాసినది: రేణుక' అని పెట్టి, అసలు చార్టు మడిచి జేబులో దాచాను. అన్నదానం చేసినంత తృప్తి కలిగింది.

చార్టు కార్తీక్ జట్టుకు వచ్చింది. వాళ్ళది గుంటూరు వైపు. రేణుక గేటు దగ్గర చాపలు పరుస్తోంది. వాడు నా దగ్గరకొచ్చాడు.

"పేపరన్నా, ఇరవై ఉల్లిపాయలు రోట్లో దంచాలా? మరి బుట్టలో వెల్లుల్లి పెట్టారేంటి?"

"వెల్లుల్లి చార్టులో ఉందా?"

"లేదు."

"చార్టులో ఉన్నదే కదా చేయాలి?"

"సరే అయితే!" అని కూరకు తెచ్చిన ఉల్లిపాయలు రోట్లో వేసి రోకలి ఎత్తాడు.

మొదట కార్తీక్ ఏడ్చాడు. తర్వాత రోలు చుట్టూ ఉన్నవాళ్ళు. గాలి తిరగ్గానే బడంతా. ఉల్లి చేసే మేలు తల్లి కూడా చేయదంటారు. ఉల్లి చేసే కీడు సవతి తల్లి కూడా చేయదని ఆ రోజు తేలింది. సరిగ్గా అప్పుడే తల్లిదండ్రులు గేటు దాటారు. కొట్టని బడి, తిట్టని బడి అని నమ్మి పంపిన చోట పిల్లలందరూ ముక్కులు చీదుతూ నిలబడ్డారు.

"ఏందిది మేడం? పిల్లల కొట్టనే కొట్టం అంటిరి గద! గిట్ల ఏడుస్తున్రేంది?" అన్నాడు యాదయ్య.

"కొట్టలేదన్నా, ఉల్లిగడ్డ..." అంటూ సుజాతక్క కొంగుతో కళ్ళొత్తుకుంది.

"మీరు గూడ ఏడుస్తున్రు! మిమ్ముల గూడ కొట్టిన్రా ఏంది?"

రేణుక పరుగున వచ్చి రోట్లోకి చూసింది, గోడకేసి చూసింది. "గిది నా చార్టు గాదు."

యాదయ్య ముఖం మాడిపోయింది. "నీ పేరుంది గద బిడ్డా! అంటే పెద్దోళ్ళు రాసి పిల్లల పేర్లు పెడ్తున్రా? గింత మోసమా? నడువ్, పోదాం."

రేణుక చేయి కడుపు మీదికి పోయింది. అది చూశాక నా తృప్తంతా దిగిపోయింది.

"అన్నా, ఇది రాసింది నేను. ఆమె రాసింది ఇదిగో," అని జేబులోని చార్టు రేణుకకిచ్చాను.

ఆ పిల్ల మడతలు విప్పి, వేలు పెట్టి, మొదటి నుంచి చదివింది. ఎక్కడా ఆగలేదు. నేను కొట్టేసిన చివరి వాక్యం కూడా చదివింది. "సీసల పెడ్తె నెల దినాలు కరాబ్ గాదు. మా నాయిన బండి మీద దూరం పోతె డబ్బల గిదే పెడ్తం."

అప్పటిదాకా కళ్ళు తడవని మనిషి ఆ ఆవరణలో యాదయ్య ఒక్కడే. ఆయనా తుడుచుకున్నాడు.

"పేపరన్నా, పెన్నియ్యి," అంది రేణుక. నా ఎర్ర పెన్నుతో, నా ముత్యాల 'ఉ'ను కొట్టేసి 'ఎ' పెట్టింది. "ఎల్లిగడ్డ ఏరే, ఉల్లిగడ్డ ఏరే. తెల్వకుంటె అడగాలె. పదిసార్లు రాయి."

బోర్డు మీద రాశాను. యాదయ్య వెనకే నిలబడి లెక్కపెట్టాడు. "ఏడోదాంట్ల డ కింద ఒత్తు మరిసినవ్ సారూ." ఆ వెంటనే ఫోన్ తీసి ఊరికి కలిపాడు. "అవ్వా, పేపర్ల రాసేటాయననే దిద్దింది నా బిడ్డ! ఇగ యాడికి తీస్కపోను? ఈడనే ఉంటది."

రోట్లోని ముద్దను పారబోయబోతుంటే కార్తీక్ వాళ్ళమ్మ అడ్డుపడింది. "అయ్యో, పారబోయకండి! నూనెలో వేయించండి. మా వైపు ఉల్లికారం దోశ మీద రాసుకుంటామండీ." జొన్నరొట్టెలతో గిన్నె ఊడ్చేశారు.

ఆ కారం ఇప్పటికీ ఏటా ఆ రోజున చేస్తారు. రేణుక రాసిన చార్టు గోడ మీదే ఉంది: "పేపరన్న కారం. చేసే పద్ధతి: మొదలు ఎల్లిగడ్డ అని రాయాలె. దాన్ని పేపరన్న చేతికియ్యాలె."

కనుక రోలు సాక్షిగా, రోకలి సాక్షిగా, వేరువేరుగా ఉల్లిగడ్డ సాక్షిగా, ఎల్లిగడ్డ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: పిల్లల రాతను అడగకుండా ఈ జన్మలో దిద్దను. ఇప్పుడు డిగ్రీ చదువుతున్న రేణుకకు చూపించాకే దీన్ని అచ్చుకు పంపుతున్నాను. రెండు చోట్ల దిద్దింది. నోరు మూసుకుని తిరగరాశాను.