మా నాన్న తద్దినం, వాళ్ల కోచ్ ఉపవాసం

అమెరికాలో ఆ ఊరికి వెళ్లిన మొదటి చలికాలంలోనే బాస్కెట్‌బాల్ కోచ్ తన కారు తెచ్చి నాకు కేటాయించిన చోట నిలిపి వెళ్లిపోయాడు. డెబ్బైల చివరి మాట. చుట్టూ మొక్కజొన్న చేలు, వాటి మధ్య కాలేజీ, కాలేజీ మధ్యలో గుమ్మటం లాంటి ఆటల హాలు. నేను సివిల్ ఇంజనీరింగ్ పిల్లలకు మట్టి పరీక్షలు నేర్పేవాణ్ణి. ఆ రోజు ఎక్కడో దూరాన కారు పెట్టి, మంచులో జారుతూ నడిచి, తిన్నగా పార్కింగ్ ఆఫీసుకు వెళ్లి ఫిర్యాదు చేశాను. కౌంటర్ దగ్గరి ఆవిడ కారు నంబరు చూసింది, నన్ను చూసింది, లోపలివాళ్లను పిలిచి మరీ నన్ను చూపించింది. "ఈయన కోచ్ కారు మీద కంప్లైంట్ ఇస్తాడట!" అంది. అందరూ నవ్వారు. నా ఫిర్యాదు తీసుకోలేదు.

అది నేను మరిచిపోలేదు. మరిచిపోవలసిన అవసరమూ కనిపించలేదు.

అంతకంటే ఎక్కువ మండించింది మావాడే. మావాడంటే ఆ కాలేజీలోనే కెమిస్ట్రీ చెప్పే గుంటూరు వైపు ఆయన. నాకంటే నాలుగైదేళ్లు చిన్న. ఊళ్లో ఉన్న కొద్దిపాటి తెలుగు కుటుంబాలకు పెద్దమనిషిలా చెలామణీ అయ్యేవాడు. విషయం చెబితే ఆయన కళ్లు మెరిశాయి.

"మీ స్లాట్‌లోనే పెట్టాడా? ఏం లక్ అండీ మాస్టారూ మీది! నేనైతే కెమెరా తెచ్చి ఫోటో తీసుకునేవాణ్ణి."

"నేను మంచులో పడబోయానయ్యా."

"పడితే పడ్డారు. ఆ కాలు చూపించి ఈ ఊళ్లో జీవితాంతం ఫ్రీగా కాఫీ తాగొచ్చు."

ఆ కోచ్ గెలిచేవాడు. ఆ మాట ఒప్పుకుంటాను. ఏడాదికేడాది గెలిచేవాడు. అయితే ఆయన గెలుస్తున్నకొద్దీ ఊరు వెర్రిదైపోయింది. పళ్ల డాక్టరు నా నోట్లో రెండు చేతులూ పెట్టి నిన్నటి ఆట గురించి నా అభిప్రాయం అడిగేవాడు. చర్చి ముందు బోర్డు మీద దేవుడి వాక్యం తీసేసి కోచ్‌కి అభినందనలు రాశారు. నా పరీక్షను మ్యాచ్ కోసం వాయిదా వేయమని మా డీన్ స్వయంగా ఫోన్ చేశాడు. నా సొంత ప్రసంగానికి హాలు కావాలంటే మూడు వారాలు తిప్పించుకున్నది ఈ డీనే. జీవితంలో బంతి పట్టుకోని లావుపాటి మనుషులు మర్నాడు కారిడార్లలో "వుయ్ వన్" అని ఒకరి వీపు ఒకరు చరుచుకునేవారు. మీరేం చేశారు? సోఫాలో కూర్చుని చిప్స్ తిన్నారు.

కాదు, చిప్స్ కూడా తినలేదు. అసలు కథ అక్కడే ఉంది.

ఒక టీవీ ఇంటర్వ్యూలో కోచ్, మ్యాచ్ రోజున ఆట ముగిసేదాకా తాను ఏమీ తిననని చెప్పాడు. కుర్రాళ్లు చెమటోడ్చి సంపాదించుకున్నాకే తన ముద్ద అన్నాడు. ఆయనకు కడుపులో పుండేమోనని నా అనుమానం. ఊరు మాత్రం దాన్ని వ్రతంలా పట్టుకుంది. మ్యాచ్ ఉన్న రోజు మంగలి తినడు, బ్యాంకు మేనేజరు తినడు. మెయిన్ స్ట్రీట్‌లోని మాంసం హోటలు ఆట ముగిసేదాకా ఖాళీగా ఉండి, ముగిసిన పది నిమిషాల్లో వీధిలోకి లైను కట్టేది. మా తెలుగువాళ్లు వాళ్లను మించిపోయారు. ఒకరింట్లో పసివాడి అన్నప్రాశన, వచ్చినవాళ్లందరూ రేడియో చుట్టూ మూగి ఉపవాసం ఉండటం వల్ల, సాయంత్రం దాకా సాగింది. పసివాడు ఆకలికి ఏడ్చి నిద్రపోయాడు.

వీళ్లలో మా కెమిస్ట్రీ ఆయన అగ్రగణ్యుడు. ఇదే మనిషి అంతకు ముందు, తలా ఒక వంట తెచ్చుకుని కలిసి తినే పాట్‌లక్ ఒకదానిలో, అందరి ముందూ నన్ను ఎగతాళి చేశాడు. "ట్వెంటియత్ సెంచరీలో ఇంకా తిథులేంటి మాస్టారూ? మీ నాన్నగారికి క్యాలెండర్ తెలుస్తుందా? ఏదో ఒక సండే చూసి పెట్టేయండి, అందరికీ కన్వీనియెంట్‌గా ఉంటుంది." అందరూ నవ్వారు. నవ్వినవాళ్లలో ఎవరెవరు ఉన్నారో ఇప్పటికీ చెప్పగలను. ఆ మాటలన్నప్పుడు ఆయన కాళ్లకు, జట్టు గెలుస్తున్నంత కాలం ఉతకకూడదని పెట్టుకున్న మేజోళ్లు ఉన్నాయి.

మా నాన్న తిథి మాఘ బహుళ పంచమి. ఆయన పోయినప్పుడు నేను వెళ్లలేదు. టెలిగ్రాం అందేసరికే తమ్ముడు కర్మ మొదలుపెట్టేశాడు. నిప్పు పెట్టే పని నాకు దక్కలేదు కనుక అన్నం పెట్టే పని ఒక్కటే మిగిలింది. అది మాత్రం లోపం లేకుండా చేయాలని పట్టుబట్టాను. మా ఊరి పురోహితుడు గారు తద్దినం మంత్రమంతా క్యాసెట్‌లో చెప్పి పంపారు. "ఇప్పుడు జంధ్యం ఎడమకు వేసుకో నాయనా", "ఇక్కడ ఆపి నీళ్లు వదులు" అని మధ్యమధ్య చెబుతుంటే, నేను బటన్ నొక్కి ఆపుతూ, మళ్లీ నడిపిస్తూ చేసేవాణ్ణి. భోక్తలు ఇద్దరు కావాలి. పితృస్థానంలో కూర్చునేవాడు మనిషైతే చాలు, రెండో ఆసనంలో దర్భలు పెట్టుకోవచ్చన్నారాయన. ఆ మనిషి తిన్నదే మా నాన్న తిన్నట్టు. అదీ అపరాహ్ణంలో తినాలి. ఆ ఊరి శీతాకాలపు ఎండ లెక్కన మూడున్నర లోపల.

ఊళ్లో భోక్తగా కూర్చోగలిగినవాడు, కూర్చోవడానికి ఒప్పుకున్నవాడు ఆ కెమిస్ట్రీ ఆయన ఒక్కడే. ఆయనకు నమ్మకం లేదు, మా ఆవిడ చేసే గారెల మీద మోజు ఉంది. రెండేళ్లు బాగానే జరిగింది.

మూడో ఏడు పంచమి శనివారం వచ్చింది. ఆ రోజు పక్క రాష్ట్రం వాళ్లతో మ్యాచ్ ఉందని నాకు తెలియదు. తెలుసుకోవలసిన అవసరమేమిటి? మా ఆవిడ తెల్లవారకముందే తలస్నానం చేసి, తడిచీరతో, హీటరు వేసినా వణుకుతూ వంట మొదలుపెట్టింది. గారెలు, అరటికాయ కూర, అల్లం పచ్చడి, నువ్వుండలు, పరమాన్నం. నూనె పొగకు అలారం మోగితే దాని మీద తడిగుడ్డ కప్పింది. పన్నెండున్నరకు ఆయన వచ్చాడు. స్నానం చేశాడు, పంచె కట్టాడు.

"పొద్దుటి నుంచి ఏమీ తినలేదు కదా?" అని అడిగాను. భోక్త తినకూడదు.

"నీళ్లు కూడా ముట్టలేదు మాస్టారూ," అన్నాడు ఎంతో నిష్ఠగా. నాకు సంతోషం వేసింది. ఆ సంతోషాన్ని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

పితృస్థానంలో ఉత్తరముఖంగా పీట వేసి కూర్చోబెట్టాను. ఊరి నుంచి తెచ్చుకున్న విస్తరాకు తడిపి వేశాను. క్యాసెట్ నడుస్తోంది. మధ్యలో ఆయన తల ఒక పక్కకు వాల్చి ఉంచడం చూశాను. చెవిలో తీగ. తీగ కొస కండువా కింద ఉన్న ట్రాన్సిస్టర్‌లో.

"ఏమిటది?"

"మీరు కానివ్వండి మాస్టారూ. ఒక చెవి మీకు, ఒక చెవి వాళ్లకి."

మధ్యలో లేస్తే అసలుకే మోసం. పళ్లు కొరుక్కుని కానిచ్చాను. వడ్డన అయింది. ఆయన అరచేతిలో ఔపోసనం నీళ్లు పోశాను. ఆ నీళ్లు తాగితేనే భోజనం మొదలైనట్టు, ఆ పైన ముగిసేదాకా లేవకూడదు. ఆయన చెయ్యి చాపిన చాపినట్టే ఉంది. తాగలేదు.

"పుచ్చుకోండి."

"ఇంకా హాఫ్ టైమ్ కూడా కాలేదండీ."

"అయితే?"

"అయితే ఏంటండీ, నేను గేమ్ అయ్యేదాకా తినను కదా! కోచ్ తినడు, నేనూ తినను. మీకు తెలుసనుకున్నా."

పొద్దుటి నుంచి ఆయన చేసిన ఉపవాసం మా నాన్న కోసం కాదు.

వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారి విస్తరిలో పడ్డాయి. మళ్లీ పోశాను. "మూడున్నర దాటితే పనికిరాదు, వినండి."

"మూడింటికల్లా అయిపోతుంది. మీ టైమ్‌కి అరగంట మార్జిన్ ఉంది. ఎందుకండీ టెన్షన్?"

"మీకు నమ్మకం లేదన్నారు కదా తిథుల మీద! ఇదేమిటి మరి?"

"ఇది వేరండీ. లాస్ట్ ఇయర్ ఒక్కసారి మధ్యలో బిస్కెట్ తిన్నాను, ఓడిపోయాం."

కెమిస్ట్రీలో డాక్టరేట్ ఉన్న మనిషి చెప్పిన మాట ఇది. మా ఆవిడ వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడింది. "అన్నయ్యగారూ, పెద్దాయన ఆకలితో కూర్చున్నారనుకోండి," అంది. ఆయన చిన్నబోయాడు. "అయ్యో, నాకు మాత్రం లేదా వదినగారూ ఆకలి? కడుపు కాలిపోతోంది," అన్నాడు. నిజమే చెప్పాడు. ఆకలేస్తున్న మనిషి ముందు గారెలున్నాయి, తినడు. మా నాన్న బతికుండగా కూడా అంత పట్టుదల గల భోక్తను చూసి ఉండడు.

మూడు అయింది. "అయిపోయిందా?" అన్నాను. ఆయన చెయ్యి పైకెత్తి ఆగమన్నాడు. ముఖం పాలిపోయింది. "టై అయింది. ఓవర్‌టైమ్."

"అంటే?"

"అంటే ఇంకో ఐదు నిమిషాలు. వాళ్ల ఐదు నిమిషాలంటే మన పావుగంట."

పరమాన్నం మీద మీగడ కట్టింది. క్యాసెట్‌ని ఎక్కడ ఆపానో అక్కడే ఉంచి నేను గోడ గడియారం ముందు నిలబడ్డాను. కిటికీలోంచి చూస్తే వీధిలో ఒక్క పిట్ట లేదు. ఊరంతా ఆయనలాగే ఆకలితో, చెవి వాల్చి కూర్చుని ఉంది. రెండో ఓవర్‌టైమ్ కూడా వచ్చింది. మూడున్నర దాటింది. ఆ తరవాత ఎంతసేపటికో ఆయన చెవిలోంచి తీగ లాగేశాడు.

ఓడిపోయారు.

ఔపోసనం తనే పట్టాడు. ఒక గారె తుంచి నోట్లో పెట్టుకున్నాడు. నమలలేకపోయాడు. కళ్ల వెంట నీళ్లు ధారగా కారి విస్తట్లో పడ్డాయి. మళ్లీ నడిపించిన క్యాసెట్‌లో పురోహితుడు గారి గొంతు, తృప్తి కలిగిందా అని భోక్తను అడిగింది. భోక్త కలిగిందని చెప్పాలి.

"అంత ఈజీ ఫ్రీ త్రో మిస్ చేశాడు మాస్టారూ," అన్నాడు ఆయన ఎక్కిళ్ల మధ్య. "కోచ్ ఇప్పుడు ఏమీ తినడు. పాపం, అసలు తినడు."

మా నాన్న పోయాక ఆ ఇంట్లో ఒకరు కన్నీళ్లు పెట్టుకోవడం అదే మొదటిసారి. నేను కూడా ఏడ్చి ఎరగను. అలాంటిది, మా నాన్న పీట మీద కూర్చుని మా నాన్న విస్తట్లో పడేలా, మా నాన్నెవరో తెలియని ఒక జీతగాడి కోసం ఈయన ఏడ్చాడు. విస్తరి తీసేసి, ఆయనకు కోటు అందించాను. గుమ్మం దాకా సాగనంపలేదు.

ఆయన క్షమాపణ చెబుతాడని ఎదురుచూశాను. వారం తరవాత ఇండియన్ సరుకులు అమ్మడానికి వచ్చిన వ్యాను దగ్గర మావాళ్లు నలుగురు కలిస్తే, ఓటమికి నేనే కారణమని తెలిసింది. ఈయన ప్రతి మ్యాచూ సోఫా ఎడమ కొసన కూర్చుని వింటాడట. నేను నేల మీద, అదీ ఉత్తరముఖంగా, అదీ తద్దినంలో కూర్చోబెట్టానట. "మీరు కాస్త చూసుకోవాల్సింది మాస్టారూ," అని ఒకాయన కందిపప్పు సంచీ ఎత్తుకుంటూ నాకు నచ్చజెప్పాడు. "మీ నాన్నగారిదేమో ఎవ్రీ ఇయర్ వస్తుంది. ఇలాంటి సీజన్ మళ్లీ రాదు కదండీ!"

పంచమి నాడు తప్పిన తద్దినం అమావాస్యకు పెట్టుకోవచ్చు. పెట్టాను. ఈసారి మనిషి జోలికి పోకుండా రెండు ఆసనాల్లోనూ దర్భలే పరిచాను, గత్యంతరం లేనప్పుడు అదీ చెల్లుతుంది. మా ఆవిడ మళ్లీ తెల్లవారకముందే లేచి, మళ్లీ తడిచీరతో, అన్నీ మళ్లీ వండింది. రెండు గంటలకల్లా అయిపోయింది. అన్నం తీసుకెళ్లి పెరట్లో మంచు మీద పెడితే ఎక్కడి నుంచో నల్లపిట్టలు దిగాయి. అవి కాకులు కావు. అయినా తిన్నాయి. చాలా రోజుల తరవాత ఆ పూట నేనూ కడుపునిండా తిన్నాను.

రెండు రోజుల తరవాత కెమిస్ట్రీ ఆయన ఫోన్ చేశాడు. గొంతులో ఎంతో మర్యాద.

"మాస్టారూ, అమావాస్య రోజు మళ్లీ పెట్టారటగా? వదినగారు మా ఆవిడతో అన్నారట."

"పెట్టాను."

"ఆ రోజు మనం ఇరవై పాయింట్లతో గెలిచాం. తెలుసా?"

"తెలియదు."

"మేమందరం ఒక మాట అనుకున్నాం. వచ్చే వారం టోర్నమెంట్ మొదలు. ఫస్ట్ గేమ్ గురువారం." కాసేపు ఆగాడు. అడగడానికి సిగ్గుపడుతున్నాడేమో అనుకున్నాను. సిగ్గు కాదు, లైన్‌లో ఇంకెవరో ఉన్నారు, వాళ్లను అడుగుతున్నాడు. "గురువారం ఇంకొకసారి పెట్టకూడదా మాస్టారూ? సరుకులన్నీ మేం తెస్తాం. దర్భలతోనే కానివ్వండి, నేను రాను."

"మా నాన్న తిన్నాడు. ఇక వచ్చే ఏడే," అని ఫోన్ పెట్టేశాను.