వదిన మొహానికి మొదటి పేజీ

ఆ పత్రికాఫీసులో అందరూ ఆయన్ని గీతలాయన అనేవారు. మొదటి పేజీ కింద, కుడివైపు మూలన, అరచేయంత గడిలో రోజుకో కార్టూన్ వేయడం ఆయన పని. మంత్రులు, ధరలు, గుంతల రోడ్లు, ఆ గడిలోకి లాగకుండా దేన్నీ వదిలేవాడు కాదు. మనిషి మాత్రం నోట్లో వేలు పెడితే కొరకలేని రకం. కిటికీ పక్కన ఓ వాలుబల్ల, నల్లసిరా సీసా, రెండు కుంచెలు ఉంటే ఇక లోకంతో పనిలేదు.

ఆ గడికో చట్టం ఉండేది. పత్రిక పెట్టిన పెద్దాయన పోయేముందు కొడుక్కి చెప్పాడట: "బొమ్మ చూడగానే నవ్వొస్తే అచ్చెయ్యి. రాకపోతే బుట్టలో వెయ్యి. నవ్వాక మాత్రం ఆపకు. ఆపావంటే భయపడ్డావన్నమాటే." ఆ కొడుకే ఇప్పుడు ఎడిటర్. గదిలోకి ఏ అతిథి వచ్చినా ఈ కథ చెప్పందే కాఫీ తాగనిచ్చేవాడు కాదు. నిజం చెప్పొద్దూ, ఆ పత్రికలో తండ్రి మాట చెల్లింది ఆ ఒక్క గడిలోనే. మిగతా పేజీల్లో అక్షరాలు పెద్దవయ్యాయి, నిజాలు చిన్నవయ్యాయి. పిల్లి కనబడితే పులి అని రాసేవారు, మర్నాడు ఆ పులి మనిషిని తిన్నదని రాసేవారు.

గీతలాయనకి ఊహ తెలిసేనాటికే అమ్మా నాన్నా లేరు. అన్నా వదినా పెంచారు. గోడల మీద గీస్తున్నాడని అన్న తిడితే, "ఇటు గియ్యి నాయనా, ఇది మీ అన్నకి కనబడదు" అని వంటింటి గోడ చూపించింది వదిన. అన్న పోయాక ఆవిడ ఓ పిల్లల హాస్టల్లో వంటకి కుదిరింది. పిల్లలు మారాం చేసినా, కంచాలు మాత్రం ఖాళీ చేసేవారు.

ఒకరోజు ఆ హాస్టల్లో పిల్లలకి వాంతులు పట్టుకున్నాయి. తెల్లారేసరికి గీతలాయన పత్రికలో మొదటి పేజీ పై సగమంతా వదిన ఫోటో. 'విషం వండిన చేతులు!' అని మీద తాటికాయంత అక్షరాలు. ఆవిడని అడిగిన పాపాన పోయినవాడు లేడు. గీతలాయన గది ఓ చివర, వార్తల గది ఇంకో చివర. ఆయనా అందరితోపాటే తెల్లారాకే చూశాడు.

పిల్లలు కోలుకున్నారు. తప్పు నీళ్ళ ట్యాంకుదని, వంటది కాదని డాక్టర్లు తేల్చారు. ఆ ముక్క లోపలి పేజీలో, బస్సుల వేళల కింద, భూతద్దం పెట్టుకుంటే తప్ప కనబడనంతగా వేశారు. హాస్టల్ వాళ్ళు మళ్ళీ రమ్మన్నా వదిన వెళ్ళలేదు. అసలు గుమ్మం దాటడమే మానేసింది.

"వాళ్ళే పిలుస్తున్నారు కదా, వెళ్ళొచ్చుగా వదినా?"

"ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?" అంది ఆవిడ.

ఆ మాటకి గీతలాయన కడుపు మండింది. వాలుబల్ల ముందు కూర్చుని గీశాడు. మేడమీద నిలబడి ఒకడు తనకన్నా పెద్ద మైకులో "దొంగ! దొంగ!" అని అరుస్తున్నాడు. పక్క బొమ్మలో వాడే, తాళంకప్ప కన్నంలో నోరు పెట్టి "దొంగ కాదట" అని గొణుగుతున్నాడు. వాడి కళ్ళజోడు నుదుటి మీదకి తోసి ఉంది. ఆఫీసులో కళ్ళజోడు అలా పెట్టుకునేది ఒక్కడే.

ఎడిటర్ గదిలో ఆ పూట అతిథులున్నారు. తండ్రి చట్టం కథ అప్పుడే పూర్తయింది. ఆయన బొమ్మ అందుకుని పగలబడి నవ్వాడు. "అచ్చం ఆ పోటీ పత్రికవాడే!" అని అతిథులకి చూపించాడు. వాళ్ళు బొమ్మ చూశారు, ఆయన నుదురు చూశారు, తర్వాత నేల చూపులు చూశారు. ఎడిటర్ చెయ్యి మెల్లిగా నుదుటి మీదకి వెళ్ళింది. నవ్వు ఆగిపోయింది. కానీ నవ్వడమైతే నవ్వేశాడు, అదీ నలుగురి ముందు. కుడితిలో పడ్డ ఎలుకలా కాసేపు గింజుకుని సంతకం పెట్టాడు.

మర్నాడు ఊరంతా నవ్వింది. గీతలాయన పేపరు పట్టుకుని వదిన దగ్గరికి గాల్లో తేలుతూ వెళ్ళాడు. ఆవిడ చాలాసేపు చూసింది.

"మీ ఎడిటరే కదూ? బాగా వేశావు. అందరూ నవ్వారా?"

"కడుపు పట్టుకుని నవ్వారు వదినా!"

"మంచిది. మరి ఇందులో నేనెక్కడున్నాను?" అంది ఆవిడ, పేపరు మడిచి. "ఆ రోజు ఇంత మొహం వేశారు. ఇవాళ నీకు పేరొచ్చింది, వాళ్ళకి నవ్వొచ్చింది. నేను విషం వండలేదని ఎవరికి తెలిసింది నాయనా?"

గీతలాయన తన కోపం తీర్చుకున్నాడు గానీ, వదినకి ఒరగబెట్టిందేమీ లేదు. సిగ్గుపడ్డాడు.

"ఓసారి వెలుగువైపు తిరిగి కూర్చో వదినా," అన్నాడు.

జీవితమంతా ముక్కులు సాగదీసిన చెయ్యి. ఉన్న ముక్కుని ఉన్నట్టు గీయడానికి నానా అవస్థా పడింది. ఎన్నో కాగితాలు చించాక వదిన మొహం కుదిరింది. కింద ఇలా రాశాడు: 'ఈమె వంటలో విషం లేదు. మా వార్తలో ఉంది.'

"మళ్ళీ ఎవరి మీద పడ్డావయ్యా?" అంటూ ఎడిటర్ అనుమానంగా అందుకున్నాడు. చదివాడు. "ఇందులో నవ్వేముంది?"

"లేదండి. మా వదిన ఆవిడ."

ఆ సంగతి ఎడిటర్‌కి అప్పటిదాకా తెలియదు. బొమ్మని బల్లమీద పెట్టాడు. "నవ్వు రానిది ఆ గడిలో వెయ్యకూడదు. నాన్నగారి మాట."

"తెలుసండి. కానీ ఇది బుట్టలో పడితే, ఇక నా చేత్తో బొమ్మ గీయనండి." అంత పెద్ద మాట గీతలాయన అదివరకెప్పుడూ ఎవరితోనూ అనలేదు.

ఎడిటర్ కళ్ళజోడు తీసి తుడిచాడు. తుడిచిందే తుడిచాడు.

"ఆ చట్టం గడికే కదయ్యా," అన్నాడు చివరికి. "పై సగానికి కాదుగా. ఆ రోజు ఫోటో వేసిన చోటే వేద్దాం. కొలత కూడా అంతే."

పొద్దున్నే గీతలాయన పేపరు తీసుకుని వెళ్ళేసరికి వదిన ఇంటికి తాళం ఉంది. అడుగుతూ వెతుకుతూ వీధి చివర కూరగాయల బజారుకి పరిగెత్తాడు. అక్కడుంది ఆవిడ, మోయలేనంత పెద్ద సంచీతో, చంకలో ఆ రోజు పేపరుతో, టమాటాలు ఏరుతూ. కూరలమ్మే ఆమె ఆవిడకేసి కళ్ళార్పకుండా చూస్తోంది.

"మిమ్మల్ని ఎక్కడో చూశానండీ."

గీతలాయన అడుగు ముందుకు పడలేదు. వదిన తలెత్తింది.

"పేపర్లో చూసుంటావు. ఆ వంటామెని నేనే. తొందరగా తూచమ్మా, హాస్టల్లో పిల్లలకి ఆకలి వేళవుతోంది."