ఖాకీ సంచులతో భూపాలపల్లి దాకా

మా చెల్లె సత్తెమ్మకు చలిజ్వరమని భూపాలపల్లి నుంచి కబురు వచ్చింది. బావ జాడ లేదు. జైల్లో ఉన్నాడని కొందరు, అడవిలో ఉన్నాడని కొందరు. పిల్ల మంచం పట్టకముందే తీసుకురమ్మని అమ్మ ఒకటే పోరు. అడవుల్లోని దళాలను పట్టడానికి సైన్యం వచ్చి ఊరూరా క్యాంపులు పెట్టిన రోజులవి, బస్సులను నమ్మలేం. నాకున్నది సైకిలు. చెల్లె క్యారియర్ మీద కూర్చుంటే ఆమె సామాను ఎక్కడ పెట్టాలి? అందుకే వెనక చక్రానికి రెండు పక్కలా వేలాడే సంచులు కుట్టాను.

ఇలాంటి ప్రయాణం పెట్టుకునేవాళ్ళకు ఒక మాట. సంచిని నలుపలకలుగా కుట్టకండి. పాత డేరా గుడ్డను దబ్బనంతో, మైనం రాసిన దారంతో కుట్టి మొదటిసారి తొక్కితే, ప్రతి తొక్కుకూ మడమ సంచికి తగిలింది. ముందు మూలలు ఏటవాలుగా కోసి మళ్ళీ కుట్టాను. చక్రం పుల్లల్లోకి పోకుండా వెదురు బద్దలు పెట్టాను. దుమ్ము కనబడకూడదని తుమ్మచెక్క ఉడికించిన నీళ్ళలో ముంచాను. లోపలి అస్తరుకు అమ్మ తన ఎర్రచీర ఇచ్చింది. పైన ఖాకీ రంగు భలే పట్టిందని మురిసిపోయాను కూడా.

పొద్దుటి పాసింజరు జనగామలో ఎక్కి, కాజీపేటలో బండి మారి, మధ్యాహ్నానికి మహబూబాబాద్‌లో దిగాను. లగేజీ టికెట్టు తీసుకుంటే సైకిలును గార్డు పెట్టెలో వేస్తారు. అత్తింటివాళ్ళను అడగకుండా ఆడపిల్లను తీసుకురావడం మర్యాద కాదు. బావ వాళ్ళన్న ఉండేది ఈ ఊళ్ళోనే.

స్టేషను బయట చాయ కోసం ఆగాను. చాయ పోసే మనిషి లేచి నిలబడ్డాడు.

"ఏ క్యాంపు సార్ మీది?"

ఏ ఊరని అడిగాడనుకుని "జనగామ" అన్నాను. బెంచీ మీదివాళ్ళంతా చాయ వదిలేసి పోయారు. నేనేం తప్పు మాట్లాడానో అర్థం కాలేదు.

బావ వాళ్ళన్న తలుపు సగమే తీశాడు. చెల్లె జ్వరం సంగతి చెప్పాను. "తోల్కపో బావా, జల్ది తోల్కపో. గా సంచులు మాత్రం మా గడపల పెట్టకు." సంచులకేమైందని అడిగేలోపే తలుపు మూసుకుంది.

నర్సంపేట దాటాక పోలీసులు ఆపారు. ఒకతను లాఠీతో సంచిని పొడిచాడు. "అడివిలున్నోల్లకు కుట్టినవారా గివి?" లోపల రొట్టెలు, క్వినైన్ బిళ్ళలు తప్ప ఏమీ లేకపోయేసరికి తిట్టి వదిలారు. చాయ కొట్టు దగ్గర ఒక రకం మనిషిని, ఇక్కడ ఇంకో రకం మనిషిని. అసలు నేనెవరినో నాకే అయోమయమైంది.

మర్నాడు సాయంత్రానికి భూపాలపల్లి చేరాను. చెల్లె ఇంటి తలుపు తెరిచే ఉంది. పొయ్యి మీద గంజి ఉడుకుతున్నది. మనిషి లేదు. పక్కింటి అవ్వ నాకు అడ్డంగా వచ్చింది.

"గా పిల్ల లేదు సారూ. ఎన్నిమాట్లు అస్తరు?"

"నేను దాని అన్ననవ్వా."

"ఖాకీలోల్లు గూడ అన్నలైతరా?"

నేను కట్టుకున్నది తెల్లధోవతి. అవ్వ చూపు నా మీద లేదు, సంచుల మీద ఉంది. అప్పటికి వెలిగింది నా మట్టిబుర్రకు. జ్వరంతో కాలిపోతున్న నా చెల్లె నన్ను చూసే ఇంటి వెనక జొన్నచేలో దాక్కుంది! చేను గట్టు దాకా పరుగెత్తాను. పేరు పెట్టి పిలిచాను. పోలీసులూ పేరు పెట్టే పిలుస్తారేమో, రాలేదు. పొద్దు గుంకుతున్నది. సంచులు విప్పి, లోపలిది పైకి తిరగేసి, చేను గట్టు మీద పెట్టి దూరంగా జరిగాను.

చాలాసేపటికి జొన్న కదిలింది. "అమ్మ చీర గిక్కడికెట్ల అచ్చె?" అంటూ సత్తెమ్మ తూలుతూ వచ్చింది. పట్టుకుంటే ఒళ్ళు నిప్పు. ఇద్దరం ఏడ్చాం.

బిళ్ళలు పడ్డాక జ్వరం తగ్గుముఖం పట్టింది. ఎర్ర సంచులతో, కొంత తొక్కుతూ కొంత నడుస్తూ, పరకాలలో ఒక రాత్రి ఆగి, కాజీపేటలో రైలెక్కాం. దారి పొడుగునా బావ సంగతి నేను అడగలేదు.

పెట్టె కిక్కిరిసి ఉంది. కిటికీ పక్కనున్న కుర్ర పోలీసు సత్తెమ్మ ముఖం చూసి లేచాడు. "కూసో చెల్లె, పానం బాగలేనట్టుంది."

ఆమె నా చొక్కా పట్టుకుని నిలబడే ఉంది. కూర్చోమని చెప్పాలో, వద్దనాలో నాకు తోచలేదు. ఆ అబ్బాయి ఖాళీ సీటును ఒకసారి, ఆమెను ఒకసారి చూసి, తలుపు దగ్గరికి పోయి నిలబడ్డాడు. జనగామ దాకా ఆ సీట్లో ఎవరూ కూర్చోలేదు.