టీనా కూర్చుంది

సరిహద్దు కొండల్లోని ఆర్మీ పోస్టుకు నేను చేరింది నవంబరులో, మధ్యాహ్నం రెండూ పదికి. ఎత్తు తొమ్మిది వేల అడుగులు. చివరి నాలుగు కిలోమీటర్లు నడకే. వీపు మీద ఇరవై రెండు కిలోలు. చలి అంటే ఇంట్లో దుప్పటి కప్పుకునేది అని మీరనుకుంటారు, నేనూ అలాగే అనుకునేవాణ్ని. అక్కడ పొద్దున్నే సీసాలో నీళ్లు గడ్డకట్టి ఉండేవి. పోస్టులో ఇరవై ఆరుగురం, ఒక కుక్క.

కుక్కను నడిపించే హ్యాండ్లర్ బంకర్ గుమ్మం దగ్గర నిలబడి నా యాస విన్నాడు.

"అన్నా, మీదేవూరు?"

"వరంగల్. ఖిలా."

"మాది కేసముద్రం. ఇగ నాకు ఫికర్ లేదు, ఇంటి మాట మాట్లాడెటోడు దొరికిండు."

బంకర్‌లో అన్నా అనేవాడు. దారి మీద మాత్రం ఉస్తాద్ అనేవాడు, ఎందుకంటే నేను హవల్దారుని, ఆ టోళీకి, అంటే మా గస్తీ జట్టుకి, ఆజ్ఞలిచ్చేది నేను.

కుక్క పేరు టీనా. ల్యాబ్రడార్, పసుపు రంగు, వయసు నాలుగేళ్లు. భూమిలో పాతిన మందుపాతరను వాసన పట్టడం దాని పని. దొరికితే మొరగదు, తవ్వదు. కూర్చుంటుంది, అంతే. కూర్చోగానే హ్యాండ్లర్ కుడి జేబులోంచి బంతి తీసి ఇస్తాడు. పాత టెన్నిస్ బంతి, నూగు ఊడిపోయింది.

"దానికి ఇది ఆటనే అన్నా. డ్యూటీ మనకు," అన్నాడు ఒకరోజు కిరోసిన్ స్టవ్ దగ్గర. "కూసున్నదంటే బాల్ ఇయ్యాలె. ఇయ్యకపోతే దాని మనసు ఇరుగుతది. మల్ల కూసోదు."

నేను నవ్వాను. కుక్కకు కూడా మనసా అన్నాను.

రోజూ ఐదూ నలభైకి బయలుదేరేవాళ్లం. మూడు కిలోమీటర్ల కాలిబాట తనిఖీ చేయాలి. ఏడూ పదిహేనుకి కింద నుంచి కంచరగాడిదలు పిండి, కిరోసిన్, ఉత్తరాలు మోసుకొస్తాయి. ముందు టీనా, దాని వెనక ఐదు మీటర్లకు హ్యాండ్లర్, ఇంకో పది మీటర్లకు నేను. రేడియో ఆపరేటర్, మిగతావాళ్లు ఒక మలుపు వెనక. టీనా కూర్చుంటే ఎక్కడివాళ్లం అక్కడ ఆగిపోవాలి. కింద నుంచి పాతరలు తీసేవాళ్లు వచ్చి చూడాలి. ఇది నియమం. ఇందులో ఆలోచించడానికేమీ లేదు.

ఒకే వారంలో అది రెండుసార్లు కూర్చుంది. మొదటిసారి తవ్వితే తుప్పు పట్టిన డబ్బా దొరికింది. రెండోసారి ఏమీ దొరకలేదు. మంచువానలో గాడిదలు రెండు గంటలు నిలబడ్డాయి. కంపెనీ కమాండర్ రేడియోలో నన్ను అడిగాడు, "నీ కుక్కకు కూర్చోవడానికి వేరే చోటు లేదా?" అందరూ విన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ మాట ఆ తర్వాత మూడు రోజులు నా చెవిలోనే ఉంది.

నాలుగో రోజు. ఉదయం ఆరూ యాభై. మంచు చినుకులు. గాలి ఎదురు. మూడో మలుపులో టీనా కూర్చుంది. తల వెనక్కి తిప్పి హ్యాండ్లర్ జేబు వైపు చూసింది.

హ్యాండ్లర్ పిడికిలి ఎత్తాడు. "ఉస్తాద్, కూసున్నది."

వెనక నుంచి రేడియో ఆపరేటర్ హిందీలో కేకేశాడు. కింద అడుగుతున్నారు, గాడిదలను కదిలించాలా వద్దా అని.

"అలిసింది అది," అన్నాను. "లేపు."

"జర ఆగుదాం ఉస్తాద్. ముక్కు కింద వెట్టే కూసున్నది."

"లేపమన్న."

అతను నా మొహం చూశాడు. తర్వాత ముందుకు నడిచాడు. నడుస్తూ కుడిచెయ్యి జేబులో పెట్టాడు. లేపడానికి వెళ్తూ కూడా దాని బంతి దానికి ఇద్దామనుకున్నాడు. మూడు అడుగులు వేశాడు. నాలుగోది పడింది.

ఆరూ యాభై రెండు. స్ట్రెచర్ రావడానికి నలభై నిమిషాలు. హెలికాప్టర్ దిగే చోటికి చేరేసరికి ప్రాణం లేదు. నాకు ఏడుపు రాలేదు. చేతులు వాటి పని అవి చేశాయి. సాయంత్రం అన్నం తిన్నాను, ఉప్పు తక్కువైందని కూడా అన్నాను.

వారం తర్వాత విచారణ. అధికారి కాగితం మీద నుంచి తల ఎత్తకుండానే అడిగాడు.

"కుక్క సూచన ఇచ్చిందా?"

"లేదు సాబ్."

అతను రాసుకున్నాడు. రేడియో ఆపరేటర్ హిమాచల్‌వాడు. మలుపు వెనక ఉన్నాడు కాబట్టి చూడలేదు, మేం మాట్లాడుకున్నది తెలుగు కాబట్టి అర్థం కాలేదు. ఇంటి మాట మాట్లాడేవాడు దొరికాడని సంతోషపడ్డ మనిషి మీద ఆ ఇంటి మాటనే కప్పేశాను.

టీనాకు ఎడమ చెవి పోయింది. కొత్త హ్యాండ్లర్ వచ్చి పరీక్ష పెట్టాడు. పాతిన మందుగుండు మీదుగా అది నడుచుకుంటూ వెళ్లిపోయింది, కూర్చోలేదు. పనికిరాదని రాసి పంపేశారు.

మరుసటి ఏడాది పదిహేడేళ్ల సర్వీసు ముగించుకుని వరంగల్ వచ్చాను. శాలువా కప్పారు. పత్తి గోదాములో కాపలా పని దొరికింది. ఫంక్షన్లలో జనం ఎంతమందిని కాల్చావని అడుగుతారు. నేను పప్పు వడ్డించమంటాను. నా భార్య మాత్రం అడగడం మానేసింది. "గోడకు చెప్పుకున్నా ఒకటే, నీకు చెప్పుకున్నా ఒకటే" అనేది.

కొన్నేళ్ల తర్వాత రేడియో ఆపరేటర్ ఒకరోజు ఫోన్ చేశాడు. రిటైరైన కుక్కలను ఇళ్లకు పెంపకానికి ఇస్తున్నారట. టీనాను మాత్రం ఎవరూ అడగడం లేదట, దాని కాగితం అలాంటిదని. దరఖాస్తు పెట్టాను. ఈ కుక్కే ఎందుకు అన్న చోట, ల్యాబ్రడార్ జాతి అంటే ఇష్టమని రాశాను.

కాజీపేట ప్లాట్‌ఫారం మీద టీనా రైలు డాగ్ బాక్స్‌లోంచి దిగింది. మూతి నెరిసింది. నన్ను వాసన చూసింది, తోక ఒకసారి ఊపింది. అంత చేసినవాణ్ని గుర్తుపట్టి తోక ఊపితే ఏం చేయాలో నాకు తెలియలేదు.

ఇంట్లో అది నిలబడేది, లేదా పడుకునేది. కూర్చునేది కాదు. అన్నం గిన్నె ముందు కూడా నిలబడే ఉండేది. పక్కింటి అత్త వచ్చి చూసింది. "గింత పెద్ద మిలిటరీ కుక్క, సిట్ అంటే గూడ తెల్వదా?"

దాంతోపాటు వచ్చిన కాగితాన్ని నా భార్య ఒకరోజు చదివింది. "పాతరను గుర్తుపట్టలేదని రాసిన్రు. అంటే ఆ కేసముద్రం పిలగాడు దీని వల్లనే సచ్చిండా?"

టీనా మా ఇద్దరి మధ్య పడుకుని ఉంది. నాకు అన్నం సయించలేదు. ఆ తర్వాతి రోజుల్లోనూ సయించలేదు.

హ్యాండ్లర్ భార్య రజిత కేసముద్రం మార్కెట్ యార్డు వెనక సందులో బట్టలు కుడుతుంది. అంతకు ముందు ఒకసారి ఫోన్ చేస్తే, "ఆ కుక్క పేరు నా ముందల తియ్యకు అన్నా" అంది. ఈసారి ఫోన్ చేయలేదు. ట్రాలీ ఆటోలో టీనాను ఎక్కించుకుని వెళ్లాను. పొద్దున పదీ ఇరవై.

కుక్కను చూసి ఆమె కుట్టుమిషను ముందు నుంచి లేచింది. "ఎందుకు తెచ్చినవ్?"

వాకిట్లో నిలబడే చెప్పాను. "అమ్మా, ఇది గుర్తువట్టింది. కూసున్నది. ఆగుదామని ఆయన అన్నడు. నేనే లేపమన్న. ఆఫీసరుకు అబద్ధం చెప్పిన."

యార్డులో ఎవరో బస్తాల లెక్క గట్టిగా చెబుతున్నారు. ఆమె నా చెప్పుల వైపు చూసింది.

"ఆఖరి మాట ఏమన్నడు?"

"జర ఆగుదాం అన్నడు."

ఆమె లోపలికి వెళ్లింది. పెట్టె మూత చప్పుడైంది. తిరిగొచ్చినప్పుడు చేతిలో బంతి ఉంది. ఒక పక్క కాలింది.

"ఆయన సామాన్ల వచ్చింది. మాకు పిల్లల్లేరు, బాల్ ఎందుకుందా అని ఇన్నొద్దులు ఆలోచించిన."

"అది దానిదే అమ్మా. కూసుంటే ఇచ్చేటోడు."

టీనా ముక్కు ఎత్తింది. నెమ్మదిగా గుమ్మం దాకా వెళ్లింది. ఆమె కాళ్ల ముందు కూర్చుంది. ముసలి నడుము, సగం ఒరిగి కూర్చుంది. రజిత వంగి బంతి దాని నోట్లో పెట్టింది. ఆ తర్వాత నా వైపు చూడకుండా అంది.

"కుక్క ఉండనియ్యి. నువ్వు పో అన్నా. మల్ల రాకు."

దాని మెడపట్టా తీసి చేతికి చుట్టుకుని వచ్చేశాను. మరునాడు నిజం రాసి మా పాత యూనిట్‌కు రిజిస్టర్ పోస్టులో పంపాను. జవాబు ఇంకా రాలేదు. వచ్చినా అందులో ఏముంటుందో నాకు పట్టింపు లేదు.

పేలుడు నాకు కలలోకి రాదు. రక్తం కూడా రాదు. వచ్చేది దానికి రెండు నిమిషాల ముందుది. మూడో మలుపు, మంచు చినుకులు. తన పని తాను సరిగ్గా చేసి, టీనా కూర్చుని ఉంటుంది. తల వెనక్కి తిప్పి బంతి కోసం చూస్తూ ఉంటుంది.