మెరుగుల మాస్టారి వీసా ఫొటో

పై చదువులకు పరాయి దేశం వెళ్లే పిల్లల గురించి లోకం పెద్ద పెద్ద మాటలు మాట్లాడుతుంది. కలలంటుంది, రెక్కలంటుంది, ఆకాశమంటుంది. పాపం, ఆ పిల్లలకు ఆకాశం వైపు చూసే తీరిక ఎక్కడిది? మార్కుల పత్రం మీద ముద్ర సరిగ్గా పడిందా, సిఫారసు ఉత్తరం రాస్తానన్న లెక్చరరు ఫోనెత్తుతున్నాడా, ఫొటోలో చెవులు రెండూ కనిపిస్తున్నాయా అన్నవే వాళ్ల బెంగలు. ఈ మూడో బెంగ తీర్చడానికి ఆ ఊళ్లో మెరుగుల మాస్టారు ఉన్నాడు.

ఆయన ఏ బళ్లోనూ పాఠం చెప్పిన పాపాన పోలేదు. బస్టాండు ఎదురు సందులో ఇరుకు మెట్లెక్కితే వచ్చే ఫొటో స్టూడియో ఆయనది. వచ్చినవాళ్లని స్టూలు మీద కూర్చోబెట్టి, "గడ్డం దించు, భుజం వదులు, ఊపిరి బిగపట్టకు" అని దబాయిస్తాడు కాబట్టి మాస్టారయ్యాడు. 'మెరుగుల' అన్నది మాత్రం చేతి చలవతో సంపాదించుకున్నదే. ఫొటో కంప్యూటర్లోకి ఎక్కిందంటే ఇక ఆయన చెయ్యి ఊరుకోదు. మొటిమ మాయమవుతుంది, కళ్ల కింద నలుపు కరుగుతుంది, పక్కకు పోయిన ముక్కు బుద్ధిగా మధ్యకు వచ్చి నిలబడుతుంది. ఫొటో చేతికందగానే జనం కాసేపు తేరిపార చూసి, "ఇది నేనేనా మాస్టారూ?" అని మురిసిపోతారు. ఆ ప్రశ్నను ఆయన ఇన్నేళ్లూ పొగడ్త కిందే జమ కట్టుకున్నాడు.

"మా ఆయన చేతిలో పెడితే బస్సు కింద పడ్డ పుచ్చకాయ కూడా క్యాలెండరుకెక్కుతుంది" అంటుంది, కౌంటరు దగ్గర ఫొటోలు కత్తిరించి కవర్లలో పెట్టే భార్య. ఆమె మెచ్చుకుంటోందో దెప్పుతోందో ఆయనకు ఇప్పటికీ తేలలేదు.

ఆయన చెల్లెలి కూతురు ఆ స్టూడియోలోనే పెరిగింది. వెనకగదిలో, పాత లైటు స్టాండ్ల మధ్య బల్ల వేసుకుని ఏడాది పొడుగునా ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. ఆమె చదవాలనుకున్నది మట్టి గురించి. ఏ నేల ఎందుకు చవుడు బారుతుంది, చచ్చిన నేలకు మళ్లీ ప్రాణం ఎలా పోయాలి, ఇలాంటివన్నమాట.

"మట్టి గురించి చదవడానికి విమానం ఎక్కాలటే? మన పెరట్లో లేదూ మట్టి?" అంది వాళ్లమ్మ.

"మట్టి ఉందమ్మా. ప్రొఫెసరే లేడు."

మూడు యూనివర్సిటీలకు దరఖాస్తు పెట్టింది. ఒకటి కుదరదంది. ఒకటి ఉలకలేదు, పలకలేదు. మూడోది, ఎక్కడో చలిదేశంలో చిన్న ఊరిది, సీటిచ్చింది, ఫీజు కూడా మాఫీ చేసింది. కాకపోతే ఒక మెలిక పెట్టింది. వీసా దరఖాస్తు అందినట్టు రసీదు ఈ శుక్రవారం లోపల పంపాలి. పంపకపోతే సీటు వరుసలో తరవాతి వాళ్లకు పోతుంది. వచ్చే ఏడు మళ్లీ ఇస్తామన్న హామీ లేదు.

అన్నీ సిద్ధంగా ఉన్నాయి. మిగిలింది ఫొటో ఒక్కటే. ఫొటోకేం భాగ్యం, ఇంట్లోనే మావయ్య ఉన్నాడు.

సోమవారం పొద్దున్నే మావయ్య ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టాడు. ఆ పిల్లది ముచ్చటైన మొహమే, కానీ దేని దారి దానిది. ఎడమ కనుబొమ ఎప్పుడూ ఎవరినో ప్రశ్నిస్తున్నట్టు పైకి లేచి ఉంటుంది. ముక్కు కొంచెం కుడివైపు మొగ్గుతుంది. ఒక చెవి తలుపు సందులోంచి తొంగిచూసినట్టు బయటికి వస్తుంది. పరాయివాళ్లకే అంత చేసేవాడు సొంత మేనకోడలికి తక్కువ చేస్తాడా? మధ్యాహ్నం దాకా కూర్చుని మొహమంతా చక్కదిద్దాడు. భార్య ప్రింటు చూసి, "ఎవరండీ ఈ అమ్మాయి? బాగుంది. మన పిల్ల ఫొటో ఎప్పుడు తీస్తారు?" అంది. ఆయన నవ్వి, కత్తిరించమని ప్రింటు ఆమె చేతికే ఇచ్చాడు.

ఇన్నాళ్లూ వీసా ఆఫీసులో గుమాస్తా ఫొటో వంకా మనిషి వంకా ఓ చూపు చూసి ముద్ర కొట్టేసేవాడు. కిందటి వారమే అక్కడ కొత్త యంత్రం పెట్టారు. ఫొటోలోని మొహాన్నీ ఎదురుగా ఉన్న మొహాన్నీ అది కొలిచి పోలుస్తుంది. మంగళవారం మేనకోడలు ఎదురుగా కూర్చోగానే దానికి ఎర్రలైటు వెలిగింది.

"ఇది మీరేనా?" అన్నాడు గుమాస్తా.

"నేనేనండీ. మా మావయ్య తీశారు."

"తీసింది సరే. ఎవర్ని తీశారని అడుగుతున్నా."

ఆమె మెట్లు దడదడలాడించుకుంటూ స్టూడియోకి వచ్చి కవరు బల్ల మీద పడేసింది. "మావయ్యా, ఈ ఫొటోలో ఉన్న పిల్లకి వీసా ఇవ్వడానికి వాళ్లకేం అభ్యంతరం లేదట. నేనెవరని అడుగుతున్నారు!"

"ఆ యంత్రానికి చూపు ఆనదేమో."

"దానికి ఆనుతుందండీ, అదే వచ్చింది తంటా" అంది భార్య కౌంటరు దగ్గర్నుంచి.

మళ్లీ తీశాడు. ఈసారి వేలు పెట్టనని మేనకోడలి తల మీద చెయ్యేసి ఒట్టు పెట్టాడు. అంచులు కత్తిరించడానికని ఫొటో తెరిచాడు, నిజంగా అందుకే తెరిచాడు. తెర నిండా ఆ చెవి. ఒక్క చెవే కదా, యంత్రం చెవులు కూడా చూస్తుందా అనుకున్నాడు. చెవి లోపలికి వెళ్లాక రెండో చెవి వెలితిగా కనిపించింది. దానికి తగ్గట్టు దవడ...

బుధవారం మళ్లీ ఎర్రలైటే.

ఈసారి ఆమె అరవలేదు. అరిస్తేనే బాగుండేది. నీళ్లు తాగి, గ్లాసు కింద పెట్టి, "రైల్వే స్టేషన్లో ఫొటో పెట్టె ఉంది. అక్కడ తీయించుకుంటా" అంది.

స్టూడియోలో ఎవరో బూతుమాట అన్నట్టయింది. కర్టెను వేసుకుని మీట నొక్కితే ఫొటోలు కక్కే ఆ పెట్టెను చూసి మాస్టారు పక్కకు తిరిగి నడిచేవాడు.

"ఏదో ప్రేమకొద్దీ చేశాడే మీ మావయ్య" అని సర్దబోయింది వాళ్లమ్మ.

"ప్రేమ వద్దని ఎవరన్నారమ్మా? నా చెవి నాకిచ్చేసి ప్రేమించమను."

గురువారం వీసా ఆఫీసుకు సెలవు. శుక్రవారం పొద్దున ఆమె స్టేషనుకు బయల్దేరితే మాస్టారు చెప్పులేసుకుని వెంటపడ్డాడు. ఆమె పెట్టెలోకి దూరి కర్టెను లాగింది. లోపల్నించి ఓ ఆడగొంతు, దయచేసి గడ్డం కొద్దిగా దించమని మర్యాదగా చెప్పింది. మాస్టారి చేతులు దురదపెట్టాయి. కర్టెను సందులోంచి చూస్తే మేనకోడలి నుదుటి మీద ఒక వెంట్రుక. ఒకే ఒక్కటి. ఫ్లాషు వెలిగింది.

నాలుగు ఫొటోలు బయటికి జారాయి. నాలుగింటిలోనూ ఆమె నుదుటి మీద ఎవరిదో చెయ్యి ఉంది.

"మావయ్యా!"

"వెంట్రుక అమ్మడూ..."

ఆమె బయటికొచ్చి తన ఫైలు ఆయన ఒక చేతిలో, నీళ్ల సీసా ఇంకో చేతిలో పెట్టింది. "ఇవి కింద పెట్టావంటే చెప్తా. అటు తిరుగు. ఇంకా తిరుగు." ఆయన గోడకేసి తిరిగి, టైంటేబుల్ బోర్డు చదువుతూ, దొరికిపోయిన దొంగలా నిలబడ్డాడు.

రెండో విడత ఫొటోలు వచ్చాక ఆమె ఆయన కళ్ల ముందు పెట్టింది. లేచిన కనుబొమ, మొగ్గిన ముక్కు, తొంగిచూసే చెవి. పైనుంచి పాలిపోయిన పసుపు వెలుగు. ఇందులో సరిచేయాల్సినవి ఆయన కంటికి ఒకదాని వెనక ఒకటి కనిపిస్తూనే ఉన్నాయి.

"జ్వరం వచ్చి లేచినదానిలా ఉన్నావే."

"అది సరే. నాలా ఉన్నానా?"

ఆయన ఫొటో చూశాడు, ఆమెను చూశాడు, మళ్లీ ఫొటో చూశాడు. పన్ను పీకించుకుంటున్నవాడిలా మొహం పెట్టి, "ఉన్నావు" అన్నాడు.

వీసా ఆఫీసు హాల్లో ఆమెను లోపలికి పిలిచాక మాస్టారు కుర్చీ అంచు మీద కూర్చున్నాడు. లోపలి తలుపు తెరుచుకున్నప్పుడల్లా మెడ సాచి చూశాడు. ఈ పిల్ల సీటు పోతే ఏ మొహం పెట్టుకుని బతకాలి? ఏడాదంతా వెనకగదిలో ఆమె కూర్చుని చేసుకున్నదాన్ని, తను ఒక్క పూట కూర్చుని చెడగొట్టాడు. ఆ మాట ఎవరూ పైకి అనలేదు. భార్య కూడా అనలేదు. ఆమె అనలేదంటే పరిస్థితి ఎంతదాకా వచ్చిందో ఆయనకు తెలుసు.

మేనకోడలు బయటికొచ్చింది. చేతిలో రసీదు. గోడకు ఆనుకుని, ఫోనుతో దాన్ని ఫొటో తీసి, అక్కడికక్కడే యూనివర్సిటీకి పంపేసింది. పంపాక వచ్చి ఆయన పక్క కుర్చీలో కూలబడింది.

"పచ్చలైటు మావయ్యా."

ఆయన కళ్లు తుడుచుకుందామని జేబురుమాలు తీస్తుంటే, ముందు వరసలోంచి ఓ కుర్రాడు వెనక్కి తిరిగి మొహమంతా నవ్వు చేసుకున్నాడు.

"మాస్టారూ! మీరేంటి ఇక్కడ? మొన్న మీరు తీసిన ఫొటో అదిరిపోయింది. మా అమ్మే గుర్తుపట్టలేదు!"

మాస్టారి జేబురుమాలు సగంలో ఆగిపోయింది. కుర్రాడి చేతిలో ఉన్నది తన స్టూడియో కవరు. పక్కనున్న అమ్మాయి ఒళ్లోనూ అదే కవరు. కిటికీ దగ్గర నిలబడ్డ పొడుగాయన చేతిలోనూ అదే. మేనకోడలు కూడా చూసింది. చూసి, పెదవి కొరుక్కుని, ఆయన మొహంలోకి చూసింది.

మాస్టారు లేచి నిలబడ్డాడు.

"బాబూ, నీ టోకెను పిలవడానికి ఇంకా టైముందా?"

"చాలా ఉంది మాస్టారూ. భోజనాల తరవాతే అన్నారు."

"అయితే లే. ఇంకా నా దగ్గర ఫొటో తీయించుకున్నవాళ్లు ఎవరెవరున్నారు ఇక్కడ?"

చేతులు లేచాయి. ఆయన అనుకున్నదానికంటే చాలా లేచాయి.

కవరు ఒళ్లో పెట్టుకున్న అమ్మాయి బెదిరిపోయి, "ఏమైంది మాస్టారూ, ఫొటో బాగా రాలేదా?" అంది.

"బాగానే వచ్చింది తల్లీ, మరీ బాగా వచ్చింది. వచ్చిన చిక్కల్లా అదే. పదండి స్టేషనుకి."